వంద మీటర్ల లెక్క

మద్యం హరామ్ అన్న విషయంలో మన ఇళ్లలో రెండో మాట లేదు. అయితే మన వీధిలో దుకాణం తెరవవచ్చునా లేదా అన్నది తేల్చేది ఎక్సైజ్ చట్టం. దాని తీరు తెలియకనే మనం తరచూ ఆలస్యంగా మేలుకొంటున్నామని మా అభిప్రాయం.

ఉమ్మడి రాష్ట్రంలో 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లోనే సడలిపోయింది. అప్పటి నుంచి తేల్చవలసినవి రెండే: ఎవరు అమ్మాలి, ఎక్కడ అమ్మాలి.

మొదటిది లాటరీ తేలుస్తుంది. తెలంగాణలోని 2,620 దుకాణాలకు 2025లో దరఖాస్తులు పిలిచి డ్రా తీశారు. దరఖాస్తు రుసుము 3 లక్షల రూపాయలు. దుకాణం దక్కకపోయినా అది తిరిగి రాదు. 2023లో 2 లక్షల చొప్పున తీసుకున్నప్పుడే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. ఇక ఒక్కరోజు విందులకిచ్చే ఈవెంట్ పర్మిట్‌కు డ్రా కూడా లేదు. దరఖాస్తు, రుసుము, అధికారి అనుమతి ఉంటే చాలు.

రెండోదే మనకు ముఖ్యం. డ్రాలో నెగ్గినవారు దుకాణం పెట్టే చోటును ఆ తర్వాత చూపుతారు. ప్రార్థనాస్థలాలకు, విద్యాసంస్థలకు 100 మీటర్ల లోపు అది ఉండరాదు. కొలత మాత్రం గోడ నుంచి గోడకు కాదు. దుకాణం వాకిలి మధ్య నుంచి, మనుషులు మామూలుగా నడిచే దగ్గరి దారి వెంట, మస్జిద్ గేటు మధ్య వరకు కొలుస్తారు. అందువల్ల మస్జిద్ వెనుక గోడ పక్కనే ఉన్న దుకాణం కూడా, దారి చుట్టు తిరిగితే, నియమానికి లోబడినట్టే!

ఇంకో మెలిక ఉంది. ఈ నియమాల్లో మస్జిద్ అంటే వక్ఫ్ బోర్డులో నమోదైనది. బడి అంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్నది. అద్దె గదిలో సాగే నమాజు, సాయంత్రం పిల్లలు చదువుకునే మక్తబ్ ఆ కొలతలోకి రావు.

రాజీవ్ రహదారిపై ఉన్న అల్వాల్ 2007లో హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసింది. రహదారుల పక్కన మద్యం అమ్మరాదని సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పు ఇలాంటి చోట ఆదుకోదు. పట్టణ ప్రాంతాలకు అది వర్తించదని 2017లో కోర్టే స్పష్టం చేసింది. అంటే ఇక్కడ మిగిలింది ఆ 100 మీటర్లే.

కనుక మస్జిద్ కమిటీలు ముందు నమోదు కాగితాలు సరిచూసుకోవాలి. చోటు ఖరారు కాకముందే కొలత వివరాలతో ఎక్సైజ్ అధికారులకు అభ్యంతరం రాసివ్వాలి. గుడి, చర్చి పెద్దలను, కాలనీ స్త్రీలను కలుపుకొనిపోవాలి. తాగుడు చేసే చేటు అందరి ఇళ్లకూ ఒకటే. మద్యం వ్యాపారం పౌరుల ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. షట్టరు తెరిచాక చేసే ధర్నా కంటే, తెరవకముందు ఇచ్చే అర్జీకే బలమెక్కువ.