గృహవిజ్ఞానము: కారు ముందరి యద్దము బీటవాఱినచో



గతమాసమున ఊరగాయ జాడీలను గూర్చి వ్రాసియుంటిమి. ఈ మాసమునను బీటను గూర్చియే వ్రాయవలసి వచ్చినది. అయితే ఇది వంటయింటి బీట కాదు. కారు ముందరి యద్దమునకు వచ్చిన బీట. “కార్ల సంగతి మగవారు చూచుకొందురు గదా, మన పుటలో దానికేమి పని?” యని కొందఱు సోదరీమణులకు దోచవచ్చును. ఆ కారులో కూర్చుండువారు మన బిడ్డలు. దానికి వ్యయమగు సొమ్ము మన యింటిది. పైగా నేడు స్వయముగా కారు నడుపుకొనువారు మన చదువరులలో ననేకులు కలరు. కావున ఈ విషయము మనకు దెలిసియుండుటయే మేలు.

మొన్న వేసవిలో మేము హిందూపురమునుండి ధర్మవరమునకు ఒక నిశ్చితార్థమునకై కుటుంబముతో బయలుదేఱితిమి. పెనుకొండ మండలములోని ఎఱ్ఱమంచి దరిదాపుల, 44వ నంబరు జాతీయ రహదారిపై, మా ముందు కంకర లారీ యొకటి పోవుచుండెను. దానిపై పట్టా లేదు. టక్కుమని చప్పుడైనది. చూతుము గదా, అద్దముపై కందిగింజంత మచ్చ! “ఇంతేనా!” యని మా యింటివారు నిట్టూర్చిరి. మేమును అట్లే యనుకొంటిమి.

నాడు చేసిన తప్పులు మూడు. వానిని దాచక చెప్పెదము. ధర్మవరములో కారును పగలంతయు మిట్టయెండలో నిలిపితిమి. మచ్చ పెరుగకుండునని యెవరో చెప్పగా, అమ్మాయి పెట్టెలోని గోళ్ళరంగు తీసి దానిపై పూసితిమి. సాయంకాలము తిరుగు ప్రయాణములో, కాలుచున్న యద్దముపైకి చల్లగాలిని పూర్తిగా వదలితిమి. ఒక వేగనిరోధకమును దాటునప్పటికి ఆ కందిగింజనుండి వెండ్రుకవంటి గీత యొకటి బయలుదేఱి, మా కన్నులయెదుటనే ప్రాకినది. ఇల్లు చేరునప్పటికి అది జానెడు దాటి అద్దపు టంచును ముట్టినది.

మఱునాడు హిందూపురములో నొక పనివానికి జూపితిమి. అతడు వ్రేలితో తడిమి చూచి, “నిన్ననే తెచ్చింటే అరగంట పనమ్మా. ఇప్పుడు అద్దమే మార్చాల” అనెను. అమ్మాయి కళాశాల రుసుము కట్టవలసిన నెల యది. “రెండు మాసము లాగుదము, ఇంకను కనబడుచునే యున్నది గదా” యని మేమంటిమి. వెనుక సీటులోని మా యత్తగారు అంతవఱకు మాటాడలేదు. అప్పుడు మాత్రము, “బీటిచ్చిన జాడీలో ఊరగాయ పెడతావా నువ్వు? ఊరగాయకు పనికిరానిది బిడ్డలకు పనికొస్తాదా?” యని యడిగిరి. దానికి మావద్ద బదులు లేకపోయెను.

ఆ మాట యెంత నిజమో తెలియుటకు ఈ యద్దము స్వభావమును కొంత తెలిసికొనవలెను. కారు ముందరి యద్దము ఒక్క రేకు కాదు. రెండు గాజుపలకల నడుమ పారదర్శకమైన ప్లాస్టిక్ పొర నుంచి, వేడితోను ఒత్తిడితోను ఏకము చేసినది. ఆ పొరకు పాలివినైల్ బ్యుటిరాల్ అని పేరు. అది సాధారణముగా ముక్కాలు మిల్లీమీటరు మందము మాత్రమే యుండును. దెబ్బ తగిలినపుడు గాజు పగిలినను, ముక్కలు ఆ పొరకే అంటుకొని మొగముపైకి ఎగురకుండును. ప్రక్క తలుపుల యద్దములు సాధారణముగా వేఱు రకము. అవి గట్టిగా కాచి చప్పున చల్లార్చినవి గాన, పగిలినచో పటికబెల్లపు పలుకులవలె ఒక్కసారిగా రాలిపోవును. రాలిన దానికి అతుకు లేదు. ముందరి యద్దమునకు అతుకు సాధ్యమగుట, దాని పై పలక మాత్రమే గాయపడి నడిమి పొర నిలిచియుండుట చేతనే.

ఈ యద్దము పుట్టుక కథ వినదగినది. 1903లో ఎడ్వార్ బెనెడిక్టస్ అను ఫ్రెంచి రసాయనవేత్త చేతినుండి, లేక బల్లపైనుండి, ఒక గాజు బుడ్డి జారిపడి పగిలినదట. కాని ముక్కలు చెదరలేదట. లోపల ఎండిపోయిన నైట్రోసెల్యులోసు పొర వానిని పట్టియుంచెను. కార్ల ప్రమాదములలో మనుష్యులు గాజుముక్కలచే గాయపడుచుండుట విని, అతడు ఈ యుపాయమును కార్లకు వినియోగింప దలచి 1909లో హక్కుపత్రము పొందెను. ఆ 1903లోనే అమెరికాలో మేరీ ఆండర్సన్ అను స్త్రీ, బండి లోపలనుండియే త్రిప్పి అద్దముపై వాననీటిని తుడుచు సాధనమునకు హక్కుపత్రము పొందినది. నేటి వైపరునకు అది పూర్వరూపము. కావున ఈ యద్దముతో స్త్రీకి సంబంధము నేటిది కాదు.

ఇక బీట పెరుగుటకు కారణము. చల్లని గాజు గ్లాసులో సలసల కాగు పాలు పోసి పగులగొట్టుకొనని యిల్లాలు అరుదు. లోపలి భాగము వేడికి సాగును. వెలుపలి భాగము సాగదు. ఆ పెనుగులాట గాజులో బలహీనమైన చోటును వెదకికొనును. ఎండలో నిలిచిన కారు అద్దముపై లోపలనుండి చల్లగాలి కొట్టినను, వెలుపలనుండి చన్నీరు చల్లినను జరుగునది యిదియే. బలహీనమైన చోటు ముందే సిద్ధముగా నున్నది గాన గీత అక్కడనే బయలుదేఱును. గతుకులును, తలుపు ధడాలున వేయుటయు దానిని ముందుకు నెట్టును. మా సీమ వేసవిని గూర్చి ఎఱిగినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

కావున రాయి తగిలిన వెంటనే చేయవలసినది ఇది. క్షేమమైన చోట బండి నిలిపి చూడవలెను. మచ్చపై నీరుగాని, సబ్బుగాని, గోళ్ళరంగుగాని తగులనీయరాదు. పొడిగుడ్డతో చుట్టును తుడిచి, పైన పారదర్శకమైన అంటుకాగితపు ముక్క నతికింపవలెను. దుమ్మును తేమయు లోనికి బోకుండుటయే దాని ప్రయోజనము. నడుపువారి దృష్టికి అడ్డమగు చోట దాని నతికింపరాదు. కారును నీడలో నిలుపవలెను. చల్లగాలిని మొదట తక్కువగా, అద్దము వైపునకు గాక, పెట్టుకొనవలెను. తరువాత ఒకటి రెండు దినములలో పనివానికి చూపవలెను.

పనివాడు చేయునది యేమనగా: ఆ మచ్చపై చిన్న గొట్టము నమర్చి, లోపలి గాలిని పీల్చివైచి, పలుచని జిగురు రసమును ఒత్తిడితో లోనికి ఎక్కించును. పిమ్మట అతినీలలోహిత కాంతిచే దానిని గట్టిపఱచును. ఆ రసము వెలుతురును ఇంచుమించు గాజువలెనే వంచునది గాన మచ్చ మసకబాఱిపోవును. పూర్తిగా మాయము కాదు. బీట ప్రాకకుండుటయే ఇక్కడ లాభము. మేము పూసిన గోళ్ళరంగు ఆ రంధ్రమునే మూసివైచినదని పనివాడు చెప్పినపుడు సిగ్గుపడితిమి.

అతుకుట కెప్పుడు వీలగును? సాధారణముగా పనివారు పాటించు పద్ధతి యిది. మచ్చ రూపాయి బిళ్ళను మించరాదు. గీతయైనచో ఆఱంగుళములను మించరాదు. అది అద్దపు టంచును ముట్టియుండరాదు. అంచునుండియే అద్దమునకు బలము. నడుపువారి కన్నుల కెదురుగా నుండరాదు. అతుకు మచ్చపై ఎదుటి బండి వెలుతురు పడినచో రాత్రి కన్ను చెదరును. దెబ్బ లోపలి పలకవఱకు దిగియుండరాదు. ఈ యైదింటిలో ఏది తప్పినను అద్దము మార్చుటయే కర్తవ్యము.

మార్చుటలోను కొన్ని సంగతులు అడిగి తెలిసికొనవలెను. నేటి కార్లలో ముందరి యద్దము గాలిని ఆపుటకు మాత్రమే కాదు. అది పాలియూరిథేన్ అను జిగురుతో చట్రమునకు అంటియుండి, బండి తలక్రిందులైనపుడు పైకప్పు అణగిపోకుండ సహాయపడును. అనేక కార్లలో ముందు కుడి, ఎడమల కూర్చున్నవారిలో డ్రైవరు కాక రెండవవారి యెదుట విచ్చుకొను గాలిసంచి ఆ యద్దమునకే ఆని నిలుచును. జిగురు ఆఱక మునుపు బండి నడపినచో, ఆపద వేళ అద్దమే ఊడిపోవచ్చును. కావున “ఎన్ని గంటలు కదపరాదు?” అని అడుగవలెను. జిగురునుబట్టి అది ఒక గంటయు కావచ్చును, కొన్ని గంటలును కావచ్చును. మొదటి దినము ఒక కిటికీని కొంచెము తెఱచియుంచి, తలుపులు మెల్లగా వేయవలెను. మూసిన కారులో తలుపు గట్టిగా వేసినచో లోపలి గాలి క్రొత్త యద్దమును వెలుపలికి త్రోయును.

క్రొత్త యద్దము మూలలో భారత ప్రమాణమగు ఐ.ఎస్. 2553 గుర్తు ఉన్నదేమో చూడవలెను. ముందరి యద్దము కనీసము నూటికి 70 పాళ్ళు వెలుతురును లోనికి రానీయవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు చెప్పుచున్నవి. అద్దపు వెనుక, పైభాగమున రోడ్డును చూచు చిన్న కెమెరా ఉన్న కారైనచో, అద్దము మార్చిన పిదప దాని చూపును మరల సరిచేయింపవలెను. లేనిచో అది దారిని తప్పుగా గ్రహించును.

ఇక మన లెక్కల పుస్తకము. ఇతరుల నష్టమునకు మాత్రమే వర్తించు బీమాతో అద్దమునకు పైసయు రాదు. సొంత నష్టమునకును వర్తించు బీమా యున్నచో వచ్చును. సాధారణముగా గాజునకు తఱుగు కోయరు. 1500 సీసీ లోపు కార్లకు 1000 రూపాయలు మాత్రము మనమే భరింపవలెను. కాని ఒకసారి సొమ్ము కోరినచో, కోరని యేండ్లకు లభించు తగ్గింపు పోవును. ఆ తగ్గింపు ఏటేట నూటికి 20, 25, 35, 45, 50 చొప్పున పెరుగునది.

ఒక యుదాహరణము. సొంత నష్టపు ప్రీమియము 8000 రూపాయలనియు, ఇప్పటి తగ్గింపు 25 పాళ్ళనియు, అద్దము ఖరీదు 9000 అనియు అనుకొందము. కోరినచో చేతికి వచ్చునది 8000. కోరకున్నచో రాబోవు తగ్గింపులు 35, 45, 50, 50, 50. కోరినచో 0, 20, 25, 35, 45. తేడాలు 35, 25, 25, 15, 5. మొత్తము 105 పాళ్ళు, అనగా 8400 రూపాయలు. ప్రీమియము మాఱక, మఱియే నష్టమును రాకున్నచో, ఐదేండ్లలో వచ్చినదానికంటె 400 ఎక్కువగా పోవును! తగ్గింపును కాపాడు అదనపు బీమా తీసికొన్నవారికి ఈ లెక్క మాఱును. అద్దము ఖరీదు ఎక్కువైనను మాఱును. చేతిలో రొక్కము లేని నెలలో బీమాయే శరణ్యము కావచ్చును. ఎవరి పత్రము వారు తీసి, ఎవరి లెక్క వారు వేసికొనవలెను. కోరదలచినచో అద్దము మార్పింపకముందే బీమావారికి తెలుపవలెను. మార్చిన పిదప చూపుట కేమియు మిగులదు.

మేమును ఈ లెక్క వేసికొని, బీమా జోలికి పోక, రుసుమునకు దాచిన దానినుండి కొంత తీసి అద్దము మార్పించితిమి. ఆ లోటును మూడు మాసములు చీరలు కొనక పూడ్చితిమి. కందిగింజనాడే మేల్కొన్నచో ఇదేమియు అక్కఱ లేకపోయెడిది.

క్రొత్త యద్దముతో మరల ఆ దారినే వచ్చితిమి. ఎఱ్ఱమంచియొద్ద 536 ఎకరములలో వెలసిన కియా కార్ల కర్మాగారము కుడియెడమల నెవరికైనను కనబడక మానదు. 2017లో ఒప్పందము కుదిరి, 2019లో అక్కడ కార్లు తయారగుట మొదలైనది. ఏటికి మూడు లక్షల కార్లు చేయుశక్తితో దానిని నెలకొల్పిరి. నాడు అనంతపురము జిల్లాలో నున్న యా యూరు 2022 ఏప్రిలునుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. 1565 నాటి యుద్ధము పిదప విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండ దుర్గము ఆ చేరువనే యున్నది. కోట గోడలలో నొక రాయి వదులైన నాడే సరిచేసికొనవలెనని కట్టినవారికి తెలియకపోలేదు. రాళ్ళసీమ బిడ్డలము, మనకును తెలియవలసినదే.

మా యత్తగారు ఇప్పుడు కారెక్కునపుడెల్ల అద్దమును మూల మూల పరికించి గాని కూర్చుండరు. ఊరగాయ జాడీని వ్రేలితో కొట్టి చూచు అలవాటు వారిది. మన చదువరులును తమ కారు నొకసారి పొద్దుటి యెండలో పరికింపుడు. కందిగింజంత మచ్చ కనబడినచో, రేపటికి వాయిదా వేయకుడు.