పేరు పక్కన పేరు

పాశ్చాత్య పాప్ సంగీతంలో ఒక పాటను ఇద్దరు ముగ్గురు కలిసి కట్టడం కొత్తేమీ కాదు. ఆ ఇద్దరి ముగ్గురి పేర్లనూ పాట నుదుటనే రాసి, ఆ కలయికనే సరుకుగా అమ్మడం మాత్రం గత పాతికేళ్లలో బాగా బలపడిన అలవాటు. ఈ అలవాటు మంచిచెడ్డలను తూచి చూడదలచినవారికి ఇంగ్లండ్ గాయకుడు ఎడ్ షీరన్ కంటే తగిన ఉదాహరణ దొరకడం కష్టం. 1991లో హాలిఫాక్స్‌లో పుట్టి, సఫక్ ప్రాంతంలోని ఫ్రామ్లింగమ్ అనే చిన్న ఊళ్లో పెరిగిన ఇతడు తన పాటకు తానే మాటలు రాసుకుని, బాణీ కట్టుకుని, గిటార్ ఒక్కటే తోడుగా వేదికనెక్కే గాయకుడిగా పేరు తెచ్చుకున్నాడు. అదే మనిషి ర్యాపర్లతో, ఒపెరా గాయకుడితో, అమెరికా కంట్రీ సంగీతకారులతో, నైజీరియా, ఉక్రెయిన్, భారతదేశాల కళాకారులతో ఒకరి తర్వాత ఒకరుగా చేయి కలుపుతూ వచ్చాడు. ఆ ఉమ్మడి పనిలో పాటకు నిజంగా బలమిచ్చింది ఎంత, అంగడికి మాత్రమే అక్కరకొచ్చింది ఎంత అన్నది సంగీత విమర్శ పట్టించుకోవలసిన ప్రశ్న.

అతని ఒంటరి వేదిక వెనుక ఒక చిన్న యంత్రం ఉంది. లూప్ పెడల్ అని పిలిచే ఆ పరికరాన్ని కాలితో నొక్కితే, అప్పుడే వాయించిన నాలుగు ఆవర్తాల గిటార్ ముక్కను పట్టుకుని ఆపకుండా తిప్పి వినిపిస్తుంది. దాని మీద గిటార్ చెక్కను అరచేత్తో తట్టి దరువు ఎక్కించవచ్చు, ఆ దరువు మీద గొంతుతో మరో వరుస పేర్చవచ్చు, చివరికి తాను పేర్చిన గుంపు నడుమ నిలబడి అసలు పాట అందుకోవచ్చు. వేలాది మంది ముందు ఒక్కడే బృందగానం చేయగల ఈ నేర్పు అతని పాటల నిర్మాణాన్ని కూడా శాసించింది. ఒకే స్వరక్రమం మొదటి నుంచి చివరిదాకా తిరుగుతూ ఉంటే, దాని మీద మాటల నడక, గొంతు ఎత్తు మాత్రమే మారుతుంటాయి. ఇలాంటి కట్టడంలోకి కొత్త గొంతును దింపడం తేలిక. అతిథి వచ్చి ఒక చరణం పాడి వెళ్లిపోయినా పునాది కదలదు. షీరన్ సహకారాల బలమూ బలహీనతా రెండూ ఇక్కడే పుట్టాయి.

ఇలాంటి పాటలు తరచూ శ్రోతలను చేరేది సింగిల్ రూపంలో; సింగిల్ అంటే ఆల్బమ్ నుంచి విడదీసి ప్రత్యేకంగా విడుదల చేసే పాట. తెలుగు సినిమా వాళ్లు ‘ఫస్ట్ సింగిల్’ అంటూ పోస్టర్లు వేయడం మొదలయ్యాక ఈ మాటకు వివరణ పెద్దగా అక్కర్లేదు గాని, ఇక్కడి సింగిల్ రాబోయే సినిమాకు డప్పు కొట్టడానికి బయలుదేరితే, బ్రిటన్‌లో అది తన కాళ్ల మీద తాను నిలబడి, వారం వారం వెలువడే చార్టు అనే పట్టికలో అమ్మకాలను, వినికిడిని బట్టి స్థానం సంపాదించుకోవాలి.

షీరన్ మొదటి గట్టి అడుగు సింగిల్ రూపంలో పడలేదు. 2011 జనవరిలో, పెద్ద కంపెనీ అండ ఏదీ లేకుండా, ‘నంబర్ 5 కొలాబరేషన్స్ ప్రాజెక్ట్’ పేరుతో ఎనిమిది పాటల చిన్న సంపుటిని అతను సొంతంగా విడుదల చేశాడు. అందులో అతని పక్కన పాడినవారు వైలీ, జేఎంఈ, డెవ్లిన్, గెట్స్, రెచ్ 32 వంటివారు; అంటే గ్రైమ్ సంగీతంలో అప్పటికే నిలదొక్కుకున్న గొంతులు. తూర్పు లండన్‌లో 2000 తర్వాతి తొలి ఏళ్లలో నల్లజాతి యువకుల చేతుల్లో రూపు కట్టిన గ్రైమ్, నిమిషానికి 140 దెబ్బల వేగంతో పరుగెత్తే లయ మీద వీధి జీవితాన్ని విసురుగా చెప్పే ర్యాప్ పద్ధతి. గిటార్ పట్టుకున్న పల్లెటూరి తెల్ల కుర్రాడికి ఆ ప్రపంచంలో సహజంగా దక్కే చోటు ఏదీ లేదు. లండన్ యువ ర్యాపర్లకు వేదికగా ఉన్న ఎస్‌బీటీవీ అనే ఇంటర్నెట్ చానల్ ద్వారా, దాని స్థాపకుడు జమాల్ ఎడ్వర్డ్స్ చొరవతో, ఆ చోటు దొరికింది. ఈ సంపుటిలో చెప్పుకోవలసిన సంగతి ఏమిటంటే, ఇక్కడ పేరున్నవారు అతిథులు, పేరు లేనివాడు ఇంటి యజమాని. ఆ అతిథుల వేగానికి తగ్గట్టు తన మాటల కూర్పును బిగించుకోక తప్పని పరిస్థితి యజమానిది. షీరన్ తర్వాతి పాటల్లో సైతం వినిపించే గబగబ మాటల నడక, ప్రాసల దట్టింపు ఈ సావాసం పెట్టిన భిక్షే.

అదే ఏడాది జూన్‌లో వచ్చిన తొలి సింగిల్ ‘ది ఏ టీమ్’ ఇందుకు పూర్తిగా భిన్నం. నిలువ నీడ లేక, మాదకద్రవ్యాలకు బానిసైన ఒక స్త్రీ గురించిన ఆ నెమ్మది పాట బ్రిటన్ చార్టులో మూడో స్థానానికి చేరింది. అక్కడి నుంచి కూడిక, గుణకారం, భాగహారం గుర్తులనే పేర్లుగా పెట్టుకున్న ఆల్బమ్‌లు వరుసగా వచ్చాయి. లెక్కల మాస్టారు సంతోషించే ఈ పట్టికకు బయటే సహకారాల సంపుటాలు నంబర్లతో ఉండిపోవడం గమనించదగినది; సొంత పని ఒక ఖాతా, ఉమ్మడి పని మరో ఖాతా అన్న విభజనను అతనే చేసుకున్నాడన్నమాట.

నిజానికి అతని ఉమ్మడి పనిలో మేలైన భాగం చాలావరకు ముఖచిత్రం మీద కనిపించదు. 2012లో వన్ డైరెక్షన్ బృందం పాడి బ్రిటన్‌లో మొదటి స్థానానికి తీసుకెళ్లిన ‘లిటిల్ థింగ్స్’ను ఫియోనా బెవన్‌తో కలిసి అతను రాశాడు. 2015లో జస్టిన్ బీబర్ పాడిన ‘లవ్ యువర్‌సెల్ఫ్’ వెనుక బీబర్, బెన్నీ బ్లాంకోలతో పాటు అతని కలం ఉంది. కొరియా బృందం బీటీఎస్ 2021లో పాడిన ‘పర్మిషన్ టు డాన్స్’ రచయితల్లోనూ అతనొకడు. మరొకరి గొంతుకు ఏ మాట అతుకుతుందో, ఏ స్వరం దగ్గర ఆ గొంతు తేలిపోతుందో పట్టుకునే ఈ పని తెలుగు సినీ గీత రచయితలకు, సంగీత దర్శకులకు నిత్యకృత్యం. పాప్ ప్రపంచంలో ఒక పెద్ద గాయకుడు తన గొంతును పక్కన పెట్టి ఈ పనికి కూర్చోవడం మాత్రం అతని వృత్తి శ్రద్ధకు గట్టి సాక్ష్యం.

2014లో ‘గుణకారం’ ఆల్బమ్‌తో వచ్చిన ‘థింకింగ్ అవుట్ లౌడ్’ను కాస్త ఆగి చూడాలి. ఇది షీరన్ ఒక్కడి పాటగా లోకానికి తెలుసు. రచయితల పేర్లలో మాత్రం వేల్స్‌లో స్థిరపడిన పాటల రచయిత్రి ఏమీ వాజ్ పేరు కూడా ఉంది. 2016లో ఈ పాటకు గ్రామీ ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’ పురస్కారం వచ్చినప్పుడు ఇద్దరికీ వచ్చింది. ఆ పురస్కారం గాయకుడికిచ్చేది కాదు, రచనకిచ్చేది. వృద్ధాప్యం దాకా నిలిచే ప్రేమను గురించిన ఈ పాట నాలుగు కార్డ్‌ల, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు నాలుగింటి, ఆవృత్తి మీద నడుస్తుంది. కొన్ని కార్డ్‌లు తాళం దెబ్బ కంటే రవంత ముందుగా వచ్చి పడడంలోనే దాని ఊపంతా ఉంది. సరిగ్గా ఈ ఆవృత్తి దగ్గరే వివాదం లేచింది. మార్విన్ గే 1973లో పాడిన ‘లెట్స్ గెట్ ఇట్ ఆన్’ సహ రచయిత ఎడ్ టౌన్‌సెండ్ వారసులు, తమ పాట గుండెను ఎత్తుకుపోయారంటూ దావా వేశారు. 2023లో న్యూయార్క్ కోర్టులో విచారణ జరిగినప్పుడు షీరన్ సాక్షి బోనులోనే గిటార్ వాయించి, అవే కార్డ్‌ల మీద వేరే పాటలు ఎన్ని నడుస్తాయో జ్యూరీకి వినిపించాడు. మే నెలలో తీర్పు అతనికి అనుకూలంగా వచ్చింది. ఇలాంటి స్వరక్రమాలు ఎవరి జాగీరూ కావని, అవి పాట కట్టేవారందరి ఉమ్మడి సొత్తని అతని పక్షం చేసిన వాదన న్యాయమైనదే. ఒకే రాగచ్ఛాయలో వందల పాటలు పుట్టిన దేశంలో ఈ వాదనకు వకాల్తా కూడా అక్కర్లేదు.

ఇందుకు కొంత అడ్డంగా నిలిచే ఉదాహరణ కూడా అతని ఖాతాలోనే ఉంది. 2017 జనవరి 6న ‘షేప్ ఆఫ్ యూ’, ‘కాజిల్ ఆన్ ది హిల్’ అనే రెండు సింగిల్స్ ఒకే రోజు విడుదలై బ్రిటన్ చార్టులో మొదటి రెండు స్థానాలను పట్టుకున్నాయి. మొదటిదాన్ని స్టీవ్ మాక్, జానీ మెక్‌డెయిడ్‌లతో కలిసి, ముందు వేరే గాయకుల కోసం అనుకుని రాశారు. విడుదలయ్యాక, టీఎల్‌సీ బృందం 1999 నాటి పాట ‘నో స్క్రబ్స్’తో పోలిక బయటపడి, ఆ పాట రాసినవారి పేర్లు కూడా రచయితల జాబితాలో చేరాయి. ఒకరినొకరు కలవకుండానే సహ రచయితలైపోయే ఈ పద్ధతి, న్యాయవాదులు కూర్చిన సహకారం. ఇదే పాట మీద వేరొక గాయకుడితో లండన్ హైకోర్టులో నడిచిన వ్యాజ్యం 2022 ఏప్రిల్‌లో షీరన్‌కు అనుకూలంగా తేలింది. పాట కట్టే ప్రతి కూర్పునూ వీడియో తీయిస్తున్నానని అతను ఆ సందర్భంలో చెప్పాడు. సృజనకు సాక్ష్యం దాచుకోవలసి రావడం ఈ కాలపు దురవస్థ.

2017 మార్చిలో ‘భాగహారం’ ఆల్బమ్ వచ్చిన వారం, దానిలోని పదహారు పాటలూ బ్రిటన్ చార్టులోని తొలి ఇరవై స్థానాల్లో చేరిపోయాయి. ఇంటర్నెట్‌లో పాటను కొనకుండా వినే స్ట్రీమింగ్‌ను కూడా 2014 నుంచి లెక్కలోకి తీసుకోవడం వల్ల, సింగిల్‌కు, ఆల్బమ్‌లోని మామూలు పాటకు మధ్య గట్టు తెగిపోయింది. చార్టు నిర్వాహకులు జూలైలో నిబంధన మార్చి, ప్రధాన కళాకారుడిగా ఒకరికి మూడు పాటలకు మించి స్థానం ఉండరాదన్నారు. ఒక్క గాయకుడి ధాటికి ఒక దేశపు పట్టికే తన లెక్క మార్చుకోవలసి వచ్చింది.

‘పర్‌ఫెక్ట్’ కథ ఇంకా విచిత్రం. షీరన్ ఒక్కడే రాసిన ఈ పాట 2017 చివర్లో మూడు రూపాల్లో తిరిగింది: అతని సొంత గొంతులో ఒకటి, బియాన్సేతో యుగళంగా ఒకటి, ఇటలీ గాయకుడు ఆండ్రియా బొచెల్లితో వాద్యబృందం నేపథ్యంలో మరొకటి. చార్టు మూడింటినీ ఒకే పాటగా లెక్కగట్టింది కాబట్టి, అది క్రిస్మస్ వారంలో బ్రిటన్ మొదటి స్థానాన్నీ, ఆ డిసెంబర్‌లోనే అమెరికా మొదటి స్థానాన్నీ గెలుచుకుంది. ఇందులో వ్యాపార తంత్రం లేదనడం అమాయకత్వమే అవుతుంది. అయినా బియాన్సే రూపాన్ని శ్రద్ధగా విన్నవారికి వేరే సంగతి తెలుస్తుంది: వాద్యాల బరువు దించేసి, దాదాపు గిటార్ మీదే పాటను నిలిపి, రెండో చరణాన్ని స్త్రీ పక్షాన మాటలు మార్చి ఆమె చేత పాడించడంతో, అప్పటిదాకా ఒకరు మరొకరిని చూసి మురిసిపోయే పాట ఇద్దరి మధ్య సంభాషణగా మారింది. అతిథి రాకతో పాట అర్థం కదిలింది. సహకారానికి ఇంతకంటే గట్టి సమర్థన లేదు.

ఈ గీటురాయి మీద 2019 నాటి ‘నంబర్ 6 కొలాబరేషన్స్ ప్రాజెక్ట్’ నిలవదు. పదిహేను పాటలు, బీబర్, ఖాలిద్, ఎమినెమ్, 50 సెంట్, కార్డీ బి, బ్రూనో మార్స్, క్రిస్ స్టేపుల్టన్ వంటి పేర్లు. బీబర్‌తో పాడిన ‘ఐ డోంట్ కేర్’ బ్రిటన్‌లో వారాల తరబడి అగ్రస్థానంలో ఉంది. అయితే ఈ పాటల్లో చాలావాటి నుంచి అతిథి చరణాన్ని తీసేసి మరొకరి చరణం పెట్టినా శ్రోతకు లోటు తెలియదు. పెళ్లి పందిట్లో పెద్దమనుషులను వరుసగా కూర్చోబెట్టినట్టు ఉంటుందే తప్ప, వారి మధ్య మాట కలిసినట్టుండదు. గ్రైమ్ ర్యాపర్ స్టోర్మ్‌జీతో చేసిన ‘టేక్ మీ బ్యాక్ టు లండన్’ ఇందుకు మినహాయింపు. ఇద్దరూ ఒకరి మాటను ఒకరు అందుకుంటూ, ఎగతాళి చేసుకుంటూ సాగే ఆ పాటలో 2011 నాటి గ్రైమ్ సావాసం మళ్లీ ఊపిరి పోసుకుంది.

తర్వాతి మజిలీ భాషలది. నైజీరియా గాయకుడు ఫైర్‌బాయ్ డీఎంఎల్ పాట ‘పెరూ’ అప్పటికే జనాదరణ పొంది ఉండగా, 2021 డిసెంబర్‌లో వచ్చిన దాని రీమిక్స్‌లో, అంటే పునఃకూర్పులో, షీరన్ అతిథిగా చేరాడు. అది బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. 2022లో తన ‘2స్టెప్’ పాటకు దేశానికొక గాయకుణ్ని చేర్చి పలు రూపాలు విడుదల చేశాడు. యుద్ధంలో సేవ చేస్తున్న సభ్యులున్న ఉక్రెయిన్ బృందం ఆంటీటిలా ఒక రూపంలోనూ, ‘బుట్టబొమ్మ’ పాటతో తెలుగువారికి దగ్గరైన అర్మాన్ మాలిక్ ఇంకొక రూపంలోనూ పాడారు. మొదటిదానికి కాలం ఇచ్చిన బరువు ఉంది. మిగతావి దేశదేశాల మార్కెట్లకు అతికించిన చీటీల్లా తోస్తాయి.

2025 ఫిబ్రవరిలో భారతదేశ పర్యటన తెలుగు శ్రోతల దాకా వచ్చింది. హైదరాబాద్‌లో రామోజీ ఫిల్మ్ సిటీలో కచేరీ జరిగింది, చెన్నైలో ఏఆర్ రెహమాన్ వేదికనెక్కి, తెలుగువారు ‘ప్రేమికుడు’ ద్వారా ఎరిగిన ‘ఊర్వశి’ని ‘షేప్ ఆఫ్ యూ’తో కలిపారు, బెంగళూరులో శిల్పారావుతో కలిసి షీరన్ ‘దేవర’లోని ‘చుట్టమల్లే’ను తెలుగులోనే అందుకున్నాడు. ఆ దృశ్యం తెలుగునాట తెచ్చిన సంబరం సహజమే. విమర్శ దృష్టితో చూస్తే, అక్కడ జరిగింది అతిథి మర్యాద: అనిరుధ్ స్వరపరచి, రామజోగయ్య శాస్త్రి రాసి, అప్పటికే ఊరూరా మోగిన పాటను విదేశీ గాయకుడు గౌరవంగా పలికాడు. జూన్‌లో వచ్చిన ‘సఫైర్’ సింగిల్ ఇంకో మెట్టు పైది. అందులో అరిజిత్ సింగ్ గొంతు, సితార్, పంజాబీ పలుకులు పాట నిర్మాణంలోనే భాగాలు. అంతకు ముందు ఏప్రిల్‌లో పర్షియన్ ఛాయలతో వచ్చిన ‘అజీజమ్’తో కలిపి, ఈ రెండూ సెప్టెంబర్‌లో విడుదలైన ‘ప్లే’ ఆల్బమ్‌కు రంగునిచ్చాయి. పునాది మాత్రం ఇప్పటికీ ఇంగ్లీషు పాప్‌దే. తూర్పు స్వరాలు దాని మీద వేసిన ముగ్గులు.

తెలుగు సంగీతకారులకు ఇలాంటి పిలుపు రేపో ఎల్లుండో రాకపోదు. వచ్చిన రోజున పత్రికలు, శ్రోతలు ముఖచిత్రం మీది పేర్లను చూసి పొంగిపోయే ముందు, పాట కింద అచ్చయ్యే రచయితల జాబితాను చదవాలి. అందులో తెలుగు కవి పేరు, తెలుగు స్వరకర్త పేరు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే ఆ సంగతిని అచ్చులో అడగాలి.