తెల్లమచ్చకు తప్పుడు పేరు

బార్డోలీ పేరు వినగానే 1928 నాటి పన్నుల నిరాకరణోద్యమం, వల్లభ్‌భాయి పటేల్‌కు దక్కిన ‘సర్దార్’ అన్న పిలుపు గుర్తుకు వస్తాయి. సూరత్ జిల్లాలోని ఆ తాలూకా నేడు చెరకు తోటలకు, సహకార చక్కెర కర్మాగారానికి ప్రసిద్ధి. చర్మవైద్యులకు మాత్రం ఆ ప్రాంతంతో మరొక పరిచయం ఉన్నది. దేశంలో బొల్లి ఎక్కువగా కనిపించే రాష్ట్రాలలో గుజరాత్ ఒకటని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. సూరత్ పరిసరాలలో ఈ వ్యాధి వ్యాప్తిని గురించిన పరిశీలన 1973లోనే వైద్య పరిశోధన పత్రికలో వెలువడింది. ప్రపంచం మొత్తం మీద నూటికి ఒకరికి అటూ ఇటూగా ఈ మచ్చలు వస్తాయి. అయితే ఆసుపత్రికి వచ్చినవారిని లెక్కిస్తే అంకె పెరుగుతుంది, ఊరంతా తిరిగి లెక్కిస్తే తగ్గుతుంది. పెద్ద అంకెలు చూసి బెదిరిపోయే ముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

బార్డోలీ గ్రామాలలో రోగిని బాధించేది మచ్చ ఒక్కటే కాదు, దాని పేరు కూడా. అక్కడ తెల్లమచ్చను ‘కోఢ్’ అంటారు. సంస్కృతంలోని కుష్ఠ శబ్దం నుండి పుట్టిన ఈ మాటే హిందీలో కుష్ఠువ్యాధికి పేరు. తెలుగువారికి బొల్లి అనే వేరు మాట ఉన్నప్పటికీ ‘శ్వేతకుష్ఠు’ అనే పేరు మన పంచాంగాల ప్రకటనలలోనూ, గోడల మీదనూ కనిపించనే కనిపిస్తుంది. చరకసంహిత శ్విత్రాన్ని కుష్ఠచికిత్సా ప్రకరణంలోనే చేర్చింది. ప్రాచీనుల దృష్టిలో కుష్ఠమంటే చర్మవ్యాధుల సముదాయం. తరువాతి వారు ఆ విశాలార్థాన్ని మరిచిపోయి, భయాన్ని మాత్రం నిలుపుకున్నారు.

నిజానికి ఈ రెండు వ్యాధులకూ ఏ చుట్టరికమూ లేదు. కుష్ఠువు సూక్ష్మజీవి వలన వస్తుంది. మందులతో పూర్తిగా నయమవుతుంది. దాని మచ్చ లేతగా పాలిపోయి లేదా ఎర్రగా ఉంటుంది గాని పాలవలె తెల్లగా ఉండదు, అక్కడ స్పర్శజ్ఞానం తగ్గుతుంది. బొల్లి మచ్చ సుద్దవలె తెల్లగా ఉన్నప్పటికీ దూదిపోగు తాకినా తెలుస్తుంది. అంటుకొనడమన్నది అసలే లేదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్క మీద పడుకున్నా ఒకరి నుండి మరొకరికి రాదు. పిల్లల బుగ్గల మీది పొడిమచ్చలు, వీపు మీది శోభి కూడా బొల్లి కావు. వాటికి వైద్యం వేరు.

చర్మానికి రంగునిచ్చే కణాలను శరీరపు రక్షణ వ్యవస్థయే శత్రువులుగా భావించి నాశనం చేయడం ఈ వ్యాధికి మూలం. రోగులలో సగంమందికి ఇరవై ఏండ్లలోపే ఇది మొదలవుతుంది. ఇటువంటి పొరపాటే థైరాయిడ్ గ్రంథి మీద జరగడం కూడా వీరిలో తరచుగా కనిపిస్తుంది.

వ్యాధి వ్యాపిస్తున్న దశలో చర్మం మీద గీత పడినా, రాపిడి తగిలినా ఆ దారి వెంటనే తెల్లదనం తోచవచ్చు. వైద్యులు దీనిని కోబ్నర్ లక్షణమంటారు. చెరకు ఆకు అంచు ఎంత పదునో కోసినవారికే తెలుసు. డాంగ్ కొండల నుండి, ఖాందేశ్ నుండి బార్డోలీకి చెరకు నరకడానికి వలస వచ్చే కూలీల చేతుల మీద ఆ గీతలు లేని రోజుండదు. బొల్లి ఉన్న కూలికి నిండు చేతుల చొక్కా అలంకారం కాదు, ఔషధంలో ఒక భాగం. రంగు లేని చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది కనుక కూడా అది అవసరం.

రసాయనాల వలన కూడా రంగు పోతుంది. 1939లో అమెరికాలోని ఒక తోళ్ల కర్మాగారంలో రబ్బరు చేతి తొడుగులు వాడిన కార్మికుల చేతులు తెల్లబడ్డాయి. రబ్బరులో కలిపిన మోనోబెంజోన్ అనే పదార్థం అందుకు కారణమని తేలింది. మన ఇండ్లలో రబ్బరు చెప్పుల వలన, అంటించే బొట్టుబిళ్లల వలన ఇదే జరుగుతున్నది. బిళ్ల వెనుక జిగురులో ఉండే పారా టెర్షరీ బ్యుటైల్ ఫినాల్ కొందరి నుదుట సరిగ్గా బొట్టంత తెల్లమచ్చను మిగులుస్తుంది. అటువంటివారు బిళ్ల మానివేయడమే మొదటి చికిత్స.

పాలు, చేపలు కలిపి తినడం వలన బొల్లి వస్తుందన్న మాటకు ఆధారం లేదు. పులుపు మానిపించి పిల్లల నోరు కట్టివేయడం వలన ఒరిగేదేమీ లేదు.

చికిత్స కథ మన పెరటిలోనే మొదలయింది. బావంచాల గింజలు నూరి పూసి ఎండలో కూర్చోబెట్టడం మన పూర్వుల పద్ధతి. నైలు నదీ తీరాన ఈజిప్టువారు మరొక మొక్క గింజలతో ఇదే పని చేసేవారు. రెండింటిలోనూ ఉన్నవి సొరాలెన్ జాతి పదార్థాలే. 1948లో కైరో వైద్యుడు ఎల్ మోఫ్టీ, ఆ మొక్క నుండి వేరు చేసిన శుద్ధ పదార్థాన్ని రోగులకు వాడి చూపాడు. గింజలో మందు పాలు ఎంతో, ఎండ తీక్షణత ఎంతో కొలత లేనందున నాటు పద్ధతిలో బొబ్బలు సామాన్యం. నేడు ప్రధానంగా వాడుతున్నది 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు 1997లో దీని ఫలితాలు ప్రకటించారు. లోపలికి ఏ మందూ మింగనక్కర లేదు.

అయితే ఈ కాంతిని వారానికి రెండు మూడుసార్లు తీసుకోవాలి. ఆరు నెలలైనా గడవనిదే పని చేసినదీ లేనిదీ నిర్ణయించరాదు. బార్డోలీ నుండి సూరత్ ముప్పై కిలోమీటర్లకు పైమాటే. వారానికి రెండుసార్లు పోయి రావడమంటే రెండు దినాల కూలి పోయినట్లే. సూరత్ మరమగ్గాల మీద బ్రతికే తెలుగు నేతకుటుంబాలకు ఆసుపత్రి దగ్గరే కాని, పాళీ వదులుకోవడం కష్టం. చికిత్స విఫలమైనదని చెప్పుకొనేవారిలో మధ్యలో మానినవారు తక్కువ కాదు. ఇంటిలోనే వాడదగిన చిన్న దీపాలు వచ్చినవి గాని, వైద్యుని కొలత ప్రకారమే వాడాలి.

కొత్త రంగు వెంట్రుక కుదుళ్ల నుండి చుక్కలుగా పుట్టుకొస్తుంది. అందుచేత ముఖం త్వరగా కోలుకుంటుంది. వ్రేళ్ల కొనలు, పెదవులు మొండికెత్తుతాయి. మచ్చలోని వెంట్రుక కూడా నెరసిపోతే ఆశ సన్నగిల్లుతుంది. 2022 జూలైలో అమెరికా ఆమోదించిన రక్సోలిటినిబ్ పూతమందు ఆరు నెలలలో దాదాపు ముప్పై శాతం మందికి ముఖం మీది రంగును ముప్పాతిక వంతు తిరిగి తెచ్చింది. మంచి ఫలితమే, కాని మాయ కాదు. ఏ చికిత్సతో వచ్చిన రంగయినా ఆపిన ఏడాదిలో మళ్లీ పోవచ్చు. సంవత్సరం పాటు కదలక నిలిచిన మచ్చకు చర్మం అతికే శస్త్రచికిత్స చేయవచ్చు. శరీరమంతా తెల్లబడి అక్కడక్కడ నలుపు మిగిలినవారికి ఆ మిగిలినదానిని కూడా తీసివేసే ఔషధమొకటి ఉన్నది. అది ఆనాడు తొడుగులలో దొరికిన మోనోబెంజోనే! పోయిన రంగు మరి తిరిగి రాదు కనుక రోగి బాగా ఆలోచించుకొని గాని ఒప్పుకోరాదు.

పెండ్లి మాట వచ్చేసరికి బార్డోలీలోనూ బాపట్లలోనూ తల్లిదండ్రుల గుండె ఒకటే తీరున కొట్టుకుంటుంది. తల్లికో తండ్రికో బొల్లి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం నూటికి ఐదారు మాత్రమే. ఒకే పోలిక గల కవలలలో ఒకరికి ఉన్నా, రెండవవారికి రావడం సుమారు నాలుగింట ఒక వంతు సందర్భాలలోనే. విడాకులకు కారణంగా చట్టంలో చిరకాలం నిలిచిన కుష్ఠువును సైతం 2019లో తొలగించారు. ఆ చట్టంలో బొల్లి పేరు ఏనాడూ లేదు. పెండ్లి నిశ్చయమైన పిల్లకు మచ్చలుంటే జాతకంతోపాటు థైరాయిడ్ రక్తపరీక్ష కూడా చేయించవచ్చు. లోపముంటే ముందుగా తెలుస్తుంది. గర్భవతి అయిన నాడు మందు సరిగా అందితే తల్లికీ బిడ్డకూ మేలు.