శీతకాలపు పట్టణయాత్ర

దేశాటనము చదువులో నొక భాగమని పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే గాని, బండి యెక్కి పోయి వచ్చినంత మాత్రమున నది దేశాటనము కాజాలదు. మన పాఠశాల విద్యార్థులు శీతకాలమున హైదరాబాదు నగరమును చూచి వచ్చుట కొంతకాలముగా నలవాటై యున్నది. ఈ యాత్రను గూర్చి తలిదండ్రులలో రెండభిప్రాయములు గలవు. ధనము దండుగ యనియు, చదువు చెడుననియు కొందరందురు. పిల్లలకు లోకము తెలియునని మరికొందరందురు. పిల్లలను వెంటబెట్టుకొని పలుమారులు పోయి వచ్చినవారము గనుక, మాకు తోచిన మాటను ఈ పత్రికాముఖమున విన్నవించుచున్నాము. యాత్ర యుండవలసినదే, కాని యిప్పుడు జరుగుచున్న తీరున నుండరాదు.

మొదట కాలమును గూర్చి చెప్పుదుము. కార్తిక అమావాస్య మొదలు ఐదు దినములు మన కారంపూడిలో వీరుల యుత్సవములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అను ఆ దినములలో ఊరూరి జనము మన యూరికి వచ్చును. ఆ సందడి యణగి, నాగులేటి గట్టున వేకువజామున మంచు కనిపించు దినములలో మన బడిలో పట్టణయాత్ర మాట వినవచ్చును. కాలము తగినదే. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల యెత్తున, దక్కను పీఠభూమిపై నున్నది. వేసవిలో ఆ రాళ్లు నిప్పులు గ్రక్కును. గోలకొండ మెట్లెక్కుట పిల్లల వలన గాదు. శీతకాలమున నన్ననో, పగలు ఎండ హాయిగా నుండును. 1591లో కట్టబడిన చార్మినారు చుట్టును ఎంత నడిచినను అలసట తెలియదు. 1938లో మొదలైన పారిశ్రామిక ప్రదర్శనము, జనులు నుమాయిష్ అని పిలుచునది, నాంపల్లిలో ఏటేట జనవరి 1వ తేదీ మొదలు ఫిబ్రవరి 15 వరకు జరుగుటయు ఈ కాలముననే.

అయితే చలి కొందరికి వేడుక, కొందరికి పరీక్ష. తెల్లవారక మునుపే మేము బండి దిగినప్పుడు, క్రొత్త స్వెటర్లు తొడిగికొన్న పిల్లలు నోటి నుండి వచ్చు ఆవిరిని చూచి నవ్వుకొనిరి. అదే బండి దిగిన మరి యిద్దరు చొక్కా మీద తువ్వాలు కప్పుకొని మూలగా నిలిచిరి. కాలిబాట మీద గోనెపట్టాలు కప్పుకొని నిదురించువారిని దాటుకొని మేము బసకు పోయితిమి. వీధులూడ్చు స్త్రీలు అప్పటికే పనిలో నుండిరి. నగరములో మేము మొదట చూచినది అదియే. కాని తిరిగి వచ్చి పిల్లలు వ్రాసిన వ్యాసములలో ఆ సంగతి యొక్కరును వ్రాయలేదు. తప్పు వారిది గాదు. చూడవలసిన స్థలముల పట్టికను వ్రాసి యిచ్చినది మేమే గదా!

రెండు దినములలో ఎనిమిది స్థలములు! ఒకచోట దిగుట, ఛాయాచిత్రము తీసికొనుట, ఈల వేయగానే పరుగున బండి యెక్కుట. ఇట్లు తిరిగి వచ్చిన విద్యార్థికిని, ఇంట కూర్చుండి చేతి ఫోనులో నా చిత్రములనే చూచిన విద్యార్థికిని భేద మేమి? నగరమును ఫోనులోనే చూడవచ్చును గదా యని యొక తండ్రి మమ్ము అడిగినప్పుడు, మాకు వెంటనే బదులు తోచలేదు.

ఇక అసలు సంగతి. కిందటి యాత్రకు తొమ్మిదవ తరగతి బాలుడొకడు పేరిచ్చి, తరువాత కొట్టివేయించుకొనెను. ఏమని యడుగగా, "చేలో పత్తి తీతలండీ" అనెను. పత్తి తీతలు నిజమే. ఆ దినములలో పల్నాటిలో చేతులూరక యుండు ఇల్లు లేదు. కాని అసలు కారణము సొమ్మని మాకు తెలియును. తెలిసియు ఊరకుంటిమి. బండిలో ఆ చోటు మరియొకనికి ఇచ్చితిమి. ఇది మా తప్పని యొప్పుకొనుచున్నాము.

తిరిగి వచ్చిన మరునాడు తరగతిలో పిల్లలు యాత్రా విశేషములు చెప్పుచుండిరి. ఒకడు చార్మినారనెను, ఒకతె సాలార్ జంగు ప్రదర్శనశాలలోని గడియారమనెను. ఆ బాలుడు వెనుక బల్ల నుండి లేచి, "మాస్టారండీ, అంతమంది జనానికి తాగే నీళ్లు ఎక్కడివండీ?" అని యడిగెను. పోయి వచ్చిన వారందరును ఒకరి మొగమొకరు చూచుకొనిరి. మేమును రేపు చెప్పుదుమని తప్పించుకొంటిమి. నగరమునకు పోయిన మాలో నెవ్వరికిని తోచని ప్రశ్న, పోని వానికి తోచినది. నీటి విలువ యెరిగిన యింటి బిడ్డ యతడు.

ఆ రాత్రి చదివి, మరునాడు చెప్పినది ఇది. 16వ శతాబ్దమున ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలములో హుస్సేను సాగరము త్రవ్వబడెను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచెను. నాడు సుమారు 150 మంది యెక్కి ప్రాణములు దక్కించుకొన్న చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి యావరణములో నున్నది. ఆ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై, వరదను ఆపుటకును త్రాగునీటికిని 1920లో ఉస్మాను సాగరమును, 1927లో హిమాయతు సాగరమును నిర్మితమాయెను. నగరము పెరుగగా అవి చాలవాయెను. మంజీరా నీరు తెచ్చిరి. అదియు చాలక, 2004 మొదలు కృష్ణ నీటిని నాగార్జునసాగరము నుండి కొనిపోవుచున్నారు. సాగరము నిండినప్పుడు నీటిమట్టము 590 అడుగులు, అనగా సుమారు 180 మీటర్లు. నగరమున్న యెత్తు ఇంతకు మున్ను చెప్పితిమి. అనగా ఆ నీరు 100 కిలోమీటర్లకు మించిన దూరము, 300 మీటర్లకు మించిన యెత్తు, అంచెలంచెలుగా యంత్రములచే తోడబడి పోవుచున్నది.

ఆ సాగరము మన మాచర్ల ప్రక్కనున్నదే. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేసిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ పల్నాటి చేలను తడుపుచున్నది. ఆ జలాశయము క్రింద ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి యున్నది. నీరు నిండక మునుపు 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపి, దొరికిన శిల్పములను నాగార్జునకొండ పైకి చేర్చిరి. మన సీమలో నొక ప్రాచీన నగరము మునిగిన చోటి నీటినే హైదరాబాదు త్రాగుచున్నది. నగరమున మేము కొళాయి త్రిప్పి త్రాగినది మన కృష్ణమ్మ నీరే కావచ్చునని విని, పిల్లలు నోళ్లు తెరచిరి.

మరియొక సంగతి చెప్పుటకు సిగ్గుగా నున్నది. సాలార్ జంగు ప్రదర్శనశాలలో బెంజోని యను ఇటలీ శిల్పి చెక్కిన ముసుగు రిబ్కా పాలరాతి బొమ్మ గలదు. మొదటి సాలార్ జంగు 1876లో రోమునగరమున దానిని కొనెను. రాతిలో నంత పలుచని ముసుగెట్లు చెక్కిరని పిల్లలతోపాటు మేమును ఆశ్చర్యపడితిమి. కాని ఆమె యెవరు? ఊరి బయటి బావి కడ, దూరదేశము నుండి వచ్చిన బాటసారికి దాహమిచ్చి, అతని ఒంటెలకును నీళ్లు చేది పోసిన కన్య. ఆదికాండము ఇన్ని యేండ్లుగా చెప్పుచున్న మాకే ఆ బొమ్మ ముందు ఆ నీళ్లు జ్ఞప్తికి రాలేదు. ఆ బాలుడు వెంటనుండిన యెడల బహుశా వచ్చి యుండెడివి.

కనుక మా యభిప్రాయమిది. పట్టణయాత్ర సొమ్ము గలవారి వేడుకగా నుండరాదు. అది తరగతి యంతటికిని చెందిన పాఠము. గణిత పాఠమునకు కొందరిని బయట నిలుపుదుమా? కొందరు తలిదండ్రులు, "లేనివారు రాకపోయినచో మా పిల్లలెందుకు మానవలెను?" అని యడుగుదురు. మానవలదు, తోడుకొని పోవుడనియే మా మనవి. పల్నాటి బ్రహ్మనాయుడు కులభేదము లేక అందరిని ఒక్క చాప మీద కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించెనని ఏటేట మన యూర తలచుకొందుము. ఆ చాప పరచిన యూరిలోని బడి, ఒక్క బండిలో అందరికిని చోటు చూపలేదా?

ఉపాయము కష్టమైనది గాదు. బడి తెరచిన జూను మాసముననే యాత్ర తేదీని ప్రకటింపవలెను. నెలనెల ఎవరి శక్తి కొలది వారు మూసిన కవరులో సొమ్ము వేయవలెను. ఎవరెంత వేసిరో ఒకరికొకరికి తెలియరాదు. ఉపాధ్యాయులమును ఒకనాటి జీతము వేయుదుము. వినోదశాలల టిక్కెట్లు మానినచో ఖర్చు తగ్గును. పత్తి తీతలు ముమ్మరముగా నున్న వారమును విడిచి, మిరప కోతలు మొదలు కాక మునుపే పోయి రావలెను. పొట్టియైన స్వెటర్లు, మిగులు దుప్పట్లు గలవారు ముందుగా బడికి పంపినచో, చలికి ముడుచుకొను పిల్లలుండరు.

మార్గమును గూడ మార్చవలెను. ఇంతవరకు దాచేపల్లి, మిర్యాలగూడ మీదుగా పోవుచుంటిమి. ఇకమీదట మాచర్ల మీదుగా పోయి, మొదట సాగరము కడ దిగి నీటిని చూచి, పిమ్మట ఆ నీరు చేరు నగరమును చూతము. ఎనిమిది స్థలములు వలదు, నాలుగు చాలును. బయలుదేరక మునుపు ప్రతి విద్యార్థియు తాను తెలిసికొనగోరు ప్రశ్న యొకటి వ్రాసికొనవలెను. రోగము చేతనో, మరి యే కారణము చేతనో రాలేనివాడును తన ప్రశ్నను వ్రాసి స్నేహితునికి ఇచ్చి పంపవలెను; స్నేహితుడు దానికి బదులు తెచ్చి యీయవలెను.

ప్రియ విద్యార్థులారా, నగరము గొప్పదే. దాని యెదుట మన యూరు చిన్నబోనక్కరలేదు. తలిదండ్రులారా, ఆ బాలుడిప్పుడు పదవ తరగతి చదువుచున్నాడు. అతడు మన బడి విడుచుటకు మునుపు ఒక్క శీతకాలమే మిగిలి యున్నది. మొదటి కవరు మేము వేసితిమి.