కుర్రాళ్లకు వేలం కాదు, డ్రాఫ్ట్ కావాలి

2024 నవంబరులో ఐపీఎల్ మెగా వేలం మన పొరుగునే, సౌదీలోని జెడ్డాలో జరిగింది. 13 ఏళ్ల వైభవ్ సూర్యవంశీ కోసం ఢిల్లీ, రాజస్థాన్ పోటీపడ్డాయి. 30 లక్షల దగ్గర మొదలైన పాట 1.10 కోట్లకు రాజస్థాన్ దగ్గర ఆగింది. 2025 ఏప్రిల్‌లో ఆ అబ్బాయి గుజరాత్ మీద 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు. దాంతో ఇక్కడ హవల్లీలోనూ మన తల్లిదండ్రుల నోట ఒకటే మాట: మనవాణ్ణి కూడా హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో అకాడమీలో చేర్పిస్తే ఎలా ఉంటుంది?

చేర్పించే ముందు, జట్లు పిల్లల్ని ఎంచుకునే పద్ధతి ఎలాంటిదో చూడాలి. ఒక్క వైభవ్‌ను చూసి వేలం మంచిదని తేల్చలేం.

మనకు తెల్లవారుజామున వచ్చే ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్‌లో కొత్త కుర్రాళ్లకు వేలం ఉండదు, డ్రాఫ్ట్ ఉంటుంది. జట్లు వరుసగా ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. వెనకబడ్డ జట్లకే ముందు అవకాశం ఎక్కువ. ఆ ఏడాదిలోపు 19 నిండనివాళ్లు డ్రాఫ్ట్‌కు పనికిరారు. మొదటి రౌండులో ఎంపికైనవాడి జీతం అతని స్థానాన్ని బట్టి ముందే ఖరారై ఉంటుంది, రెండేళ్లకు హామీ కూడా ఉంటుంది.

లోపాలు లేవని కాదు. మొదటి ఎంపిక కోసం జట్లు కావాలని ఓడిపోతున్నాయని, అట్టడుగు మూడు జట్లకూ సమానంగా 14 శాతం చొప్పున అవకాశం ఉండేలా 2019లో లాటరీ మార్చారు. 2025లో 1.8 శాతం అవకాశమే ఉన్న డల్లాస్‌కు మొదటి ఎంపిక తగిలింది, కూపర్ ఫ్లాగ్‌ను తీసుకుంది. అంచనాలూ తప్పుతాయి. 2013లో మొదట ఎంపికైన ఆంథనీ బెన్నెట్ నిలవలేదు, 15వ స్థానంలో వెళ్లిన యానిస్ ఆంటెటొకొంపో చాంపియన్ అయ్యాడు.

అయినా ఆ పద్ధతి వెనకున్న ఆలోచన సరైనదే. అందుకు రుజువు మన ఆంధ్రా కుర్రాళ్లే. 2022 డిసెంబరు వేలంలో విశాఖ నితీశ్‌కుమార్ రెడ్డిని హైదరాబాద్, గుంటూరు షేక్ రషీద్‌ను చెన్నై కొనుక్కున్నాయి. ఇద్దరి ధరా 20 లక్షలే. 2023లో చెన్నై కప్పు గెలిచింది, హైదరాబాద్ చిట్టచివర నిలిచింది. చివర నిలిచిన జట్టులో ఖాళీలుంటాయి. 2024లో నితీశ్ 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అయ్యాడు, ఆ ఏడాది డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టాడు. రషీద్‌కు మొదటి ఐపీఎల్ మ్యాచ్ దొరికింది 2025 ఏప్రిల్ 14న. ప్రతిభలో తేడా ఉండొచ్చు, కాదనను. కానీ చాంపియన్ జట్టు బెంచీ మీద కూర్చున్నవాడి ప్రతిభను కొలిచేదెలా?

డ్రాఫ్ట్ మనకు కొత్తేమీ కాదు. 2008లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన కుర్రాళ్లను ఐపీఎల్ జట్లు వేలంలో కాకుండా డ్రాఫ్ట్‌లోనే పంచుకున్నాయి. ఢిల్లీ జట్టు సొంతూరి కోహ్లీని వదిలి ప్రదీప్ సంగ్వాన్‌ను తీసుకుంది. కోహ్లీ బెంగళూరుకు వెళ్లాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

కనీసం 19 ఏళ్ల లోపువాళ్లకైనా ఆ పద్ధతి మళ్లీ తేవాలి. చివరి జట్టుకు ముందు ఎంపిక, అందరికీ ముందే ఖరారైన జీతం, రెండేళ్ల హామీ ఉండాలి. అప్పుడు కోటి పలికిన పిల్లవాడి మీద కోటి రూపాయల బరువుండదు, 20 లక్షలకు పోయినవాడు చిన్నబుచ్చుకోడు. పెద్దయ్యాక, ఆటేమిటో లోకానికి తెలిశాక, వేలం ఎలాగూ ఉంది.

అందాకా అకాడమీ గురించి ఆలోచించే తల్లిదండ్రులకు నాదొక మాట. అక్కడివాళ్లు ఎవరు ఎన్ని కోట్లకు అమ్ముడయ్యారో చెబుతారు. మీరు మాత్రం మీవాడికి ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడే అవకాశం ఇస్తారో అడగండి.