గంటన్నర తేడా

షికాగోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి ఒంటరిగా బయలుదేరాను. మా అమ్మను చూసుకోవలసి ఉండి మా ఆవిడ రాలేదు. రాకపోయినా ఉపదేశాలకు లోటు చెయ్యలేదు. “దుబాయిలో విమానం మారాలి. మూడు గంటల పైన కూర్చోవాలి. ఎవరితోనూ మాట్లాడకండి. ఎవరేమిచ్చినా పుచ్చుకోకండి. సంచీ వదలకండి.” ఇన్ని ‘వద్దు’లు చెప్పి, చివరికి డబ్బాడు చేగోడీలు చేతిలో పెట్టింది.

1960లో ఆ ఊళ్ళో విమానాశ్రయం తెరిచినప్పుడు, గట్టిగా అణచిన ఇసుక నేలే రన్‌వే అట. ఇప్పుడు అక్కడ అడుగు పెడితే కళ్ళు చెదిరే దీపాలు, మొహం కనిపించేటంత నున్నటి నేల. ఆ నేల మీద జారి పడకుండా నడిచి, ఒక కుర్చీ చూసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, మా ఆవిడ ఆజ్ఞ ప్రకారం బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను.

రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఆరితేరిన ప్రాణం నాది. గంట కొడతారు, కేక వేస్తారు, అప్పుడు లేవవచ్చునని ధీమా. అక్కడ గంటా లేదు, కేకా లేదు. ఎవరి బోర్డు వారు చూసుకోవలసిందే. ఆ సంగతి నాకెవరు చెప్పారు?

ఒక కునుకు తీసి గడియారం చూశాను. తొమ్మిదీ ముప్పావు! నా విమానం లేచే వేళ. గుండె జారిపోయింది. సంచీ చంకన పెట్టుకుని, “ఆపండి, ఆపండి” అంటూ తెలుగులోనే పరుగెత్తాను. విమానం ఆగలేదు గాని, ఒక కుర్రవాడు నన్ను ఆపాడు.

“ఏమైంది సార్?”

చెప్పాను. అతను నా టిక్కెట్టు చూశాడు, గోడమీద టైము చూశాడు, నా మణికట్టు చూశాడు. నవ్వాపుకుంటూ అన్నాడు: “విమానం ఏడికి పోలేదు సార్. మీ గడియారమే ఇంకా హైదరాబాదుల ఉన్నది. ఇంకా గంటన్నర ఉన్నది, కూసోండ్రి.”

నేనూ నవ్వాను. నాతో బాటు చుట్టుపక్కల కుర్చీలవాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళకు తెలుగు రాదు. అయినా ముసలివాడు పరుగెత్తితే అర్థం కావడానికి భాష ఎందుకు?

గట్టున పడిన ఆనందంలో ఉపదేశాలన్నీ మరిచి చేగోడీల డబ్బా మూత తీశాను. ఒక పఠాను పెద్దాయన రెండు తీసుకుని గడ్డం నిమురుకుంటూ నమిలాడు. ఫిలిప్పీన్స్ నర్సమ్మ ఒకటి వేలికి తొడిగి, ఉంగరం బాగుందా అన్నట్టు చెయ్యి తిప్పి చూపించింది. డబ్బా సగమయ్యేసరికి ఆ వరుస వరుసంతా మా పెరటి అరుగులా తయారయింది.

కుర్రవాడిది జగిత్యాల దగ్గర పల్లె. సౌదీలో పని. మూడేళ్ళకు ఇంటికి పోతున్నాడు. అప్పుడు కనిపెట్టాను: అతని చేతి గడియారంలో కూడా సరిగ్గా నా టైమే!

“నా గడియారాన్ని వెక్కిరించావు గదా, మరి నీదో?”

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “నాది గూడ గంతే సార్. అక్కడ రెండున్నర గంటల తేడా. మూడేండ్ల సంది తిప్పలేదు. అమ్మ మందు ఎప్పుడేసుకుంటది, బిడ్డ ఎప్పుడు పండుకుంటది, దీంట్ల చూస్త. ఫోను ఏ దేశం పోతే ఆ దేశం మాట వింటది. ఇది మా ఇంటి మాటే వింటది.”

అతను వచ్చేటప్పుడు ఆ పిల్లకు మూడు నెలలట.

“ఫోన్ల నన్ను చూసి మస్తు నవ్వుతది. ఎదురుంగ చూస్తే ఏడుస్తదేమో. నేను ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటుతది, అది పండుకుంటది. తెల్లారి లేచినంక చూస్తది.”

ఏం చెప్పాలో తెలియక, మిగిలిన చేగోడీలు డబ్బాతో సహా అతని చేతిలో పెట్టాను. “పిల్లకు వేలికి తొడుగు. ఏడవదు” అన్నాను. అతని విమానం ఎక్కే చోటు ఇంకెక్కడో ఉంది. అయినా నా సంచీ మోసుకొచ్చి నన్ను నా గేటు దగ్గర దిగబెట్టి మరీ వెళ్ళాడు.

పదహారు గంటల ప్రయాణం చేసి మా అమ్మాయి ఇల్లు చేరాను. అక్కడ ఇంకా సాయంకాలం. అల్లుడు కాఫీ ఇచ్చి, “మామయ్యగారూ, మీ గడియారం ఇలా ఇవ్వండి, ఇక్కడి టైముకు తిప్పుతాను” అన్నాడు.

చూసుకున్నాను. అయిదున్నర దాటింది.

“కాస్సేపు ఆగవోయ్” అన్నాను. “జగిత్యాలలో ఇప్పుడే తెల్లవారుతోంది. పిల్ల లేచే వేళ.”