గృహకళలు: బొమ్మలబండి చక్రమునకు అచ్చు

సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టుటకై పెట్టె దింపి చూడగా, మా యత్తగారి చిన్ననాటి మట్టిబండికి చక్ర మొకటి పగిలియుండెను. పుట్టింటినుండి తెచ్చుకొన్న బొమ్మలలో మిగిలిన దదియొక్కటే. వారేమియు ననలేదు, ముక్కలను గుడ్డలో మూటగట్టుకొని లోనికి వెళ్లిరి.

చేతితో చేయబూనితిమి గాని, చక్రపుటాకులు ఒకటి లావు, ఒకటి సన్నము. కావున మిగిలిన చక్రములలో నొకదానికి నూనె రాసి, మెత్తని మట్టిముద్దపై నొత్తి అచ్చు తీసితిమి. మట్టి మా యవుకు జలాశయపు టొడ్డున దొరకునదే. నానబెట్టి పలుచని గుడ్డలో వడగట్టితిమి. అచ్చును నీడను మూడు దినము లారనిచ్చి పిడకల దాలిలో కాల్చి, అందు మరల మట్టి నొత్తి, ఆ చక్రమును నట్లే కాల్చి తగిలింపగా, బండి ఒక ప్రక్కకు ఒరగెను! పాత చక్రపు అడ్డుకొలత 50 మిల్లీమీటర్లు, క్రొత్తది 40.

మట్టి ఆరునపుడు రేణువుల నడిమి నీరు పోయి, రేణువులు దగ్గరకు చేరును. మేము కొలువగా మా మట్టి పదింట నొకవంతు తగ్గుచున్నది. అచ్చు తాను తగ్గి 45 కాగా, అందు పుట్టిన చక్రము మరియొకమారు తగ్గినది. నాలుగింటిని అందులోనే తీసిన సమానముగా నుండును గదా, పాతవి తీసివేయుదమా యని అడిగితిమి. "ఆ మూడూ ఉండనీ అమ్మాయీ, మా అమ్మ తొడిగినవి" అనిరి.

ఇక తగ్గని అచ్చు కావలెను. బలపపురాయి మెత్తనిది; మేకుతో చెక్కవచ్చును. పదింట నొకవంతు పోయినను 50 మిగులునట్లు, మావారి వృత్తలేఖినితో 56 మిల్లీమీటర్ల వృత్తము గీసి, ఆకులున్న చోట పల్లముగా చెక్కితిమి. ఆళ్లగడ్డ శిల్పులు రాతినుండి విగ్రహమును తీయుదురు. మేము రాతిలో మట్టికి చోటు తీయుచున్నామని నవ్వుకొంటిమి. పల్లము అడుగుకంటె పైన కొంచెము వెడల్పుగా నుండవలెను; లేనిచో మట్టి చిక్కుకొని వెలికి రాదు. ఎద్దుబొమ్మ వంటి వానికి ఒంటియచ్చు చాలదు. సంగారెడ్డి జిల్లా కొండాపురమున దొరకిన శాతవాహనుల కాలపు తెల్లమట్టి బొమ్మలు ముందువెనుకలకు వేరువేరచ్చులలో నొత్తి అతికినవి. లోపల బోలుగా నుండును.

అచ్చునకు ఆముదము పలుచగా రాసి, మట్టిని నడుమనుండి అంచులకు బొటనవ్రేలితో నొత్తి, పైకి మిగిలినదానిని బిగబట్టిన దారముతో కోయవలెను. కొంత ఆరగానే బోర్లించి తట్టిన ఊడిపడును. ఇరుసు రంధ్రము తడియున్నపుడే పుల్లతో పొడువవలెను. రంధ్రమును ఆరినకొలది ఇరుకగును గనుక ఇరుసుకంటె లావుపాటి పుల్ల తీసికొనుడు.

మొదటిది మా తొందరచే ఎండలో పెట్టగా బీటలు వారెను. రెండవదానికి ఆకు విరిగెను. మూడవది 50కి వెంట్రుకవాసి ఎక్కువగా దిగెను. దానికి జేగురు పూసి తొడిగితిమి. అత్తగారు కండ్లజోడు పెట్టుకొని నాలుగు చక్రములను త్రిప్పి చూచి, బండిని తామే కొలువు మెట్టుపై నుంచిరి. పగిలిన ముక్కల మూట మాత్రము ఇప్పటికిని ఆ పెట్టెలోనే యున్నది.